తలుపు కనబడని ఇల్లు

మా ఇంటి ఫొటోలు ఫోన్లలో తిరుగుతున్నాయట. "పెద్దవాళ్ల కోసం ప్రేమతో తీర్చిదిద్దిన ఇల్లు" అని కింద రాశారట. చాలామంది మెచ్చుకున్నారని మా అమ్మాయి చెప్పింది. ఆ మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరినైనా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగాలని ఉంది నాకు. ఆ ఫొటోల్లో మరుగుదొడ్డి తలుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. చూపించలేరు. ఆ ఇంటిదాన్ని నేను, మొదటిరోజు నాకే కనబడలేదు. మతిమరుపు జబ్బు మనిషికి కనబడుతుందా?

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. తేదీలూ లెక్కలూ తప్పకుండా గుర్తుపెట్టుకోవడం ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు కాదని, పుట్టుకతో వచ్చిన జబ్బని మా ఆయన వెక్కిరించేవారు. ఆయన ఉక్కు కర్మాగారంలో, రోలింగ్ మిల్లులో, ముప్ఫై నాలుగేళ్లు షిఫ్టుల్లో పనిచేశారు. అందులో ఇరవై ఆరేళ్లు ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లో ఉన్నాం. రిటైరయ్యాక గోపాలపట్నంలో ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చాం.

షిఫ్టు మనిషితో కాపురం చెయ్యనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. పొద్దున్న ఆరు నుంచి రెండింటిదాకా ఏ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పదిదాకా బి షిఫ్టు, అక్కణ్నించి తెల్లారేదాకా సి షిఫ్టు. రాత్రంతా మిల్లు వేడిలో నిలబడి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. మా వరసలో ఏ పూట చూసినా సగం ఇళ్లలో ఎవరో ఒకరు నిద్రలో ఉండేవారు. అందుకని మా వరస ఆడవాళ్లం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బయటి గ్రిల్లులోంచి కనబడేలా వరండా గోడకి ఒక కొక్కెం. డ్యూటీ నుంచి రాగానే ఇంటాయన తన హెల్మెట్ దానికి తగిలించాలి. మేమంతా దాన్ని టోపీ అనే అనేవాళ్లం. కొక్కేనికి టోపీ ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. బెల్లు కొట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. పాలవాడైనా, చర్చి నుంచి చందాకొచ్చినవాళ్లైనా ముందు ఆ గోడవైపు చూసేవారు. మా అమ్మాయి బడికి వెళ్లని వయసులోనే గ్రిల్లు గొళ్లెం చప్పుడు కాకుండా రెండు వేళ్లతో ఎత్తి తీయడం నేర్చుకుంది.

క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఆ టోపీ వదిలేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "టోపీ నేని ఇల్లేటి ఇల్లు, టీచరమ్మా?" అని ఫ్లాటులోకి అడుగు పెట్టిన రోజునే గ్రిల్లు తలుపుకి ఎదురు గోడకి స్వయంగా మేకు కొట్టి తగిలించారు. పసుపు రంగు టోపీ. ముందువైపు ఆయన కంపెనీ టోకెన్ నంబరు నేనే ఎర్ర పెయింటుతో రాశాను. నా పుట్టినతేదీ అయినా తడుముకుంటానేమో గానీ ఆ నంబరు తడుముకోను.

ఆయనకి జబ్బు మొదలై ఆరేళ్లవుతోంది. మొదట పేర్లు పోయాయి. తర్వాత రోజులు, తర్వాత ఏళ్లు. అయినా మా ఫ్లాటులో మేం బాగానే ఉండేవాళ్లం. మరుగుదొడ్డి తలుపు సగం తెరిచి, లోపల లైటు వేసి ఉంచేదాన్ని. ఆయన మంచం మీంచి చూస్తే తెల్లగా బేసిన్ కనబడేది, వెళ్లి వచ్చేవారు. చొక్కాలు బీరువాలో కాకుండా కుర్చీ వీపున వేసేదాన్ని. ఇది గొప్ప తెలివేమీ కాదు. ఎదుట ఉన్నది ఉంటుంది, ఎదుట లేనిది లేదు. ఆ జబ్బుకి అంతే లెక్క.

పోయిన వేసవిలో నా మోకాలికి ఆపరేషన్ అయింది. మా అమ్మాయి మధురవాడలో ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయింది. ఆరు వారాలు కన్నతల్లిలా చూసింది, అందులో నేను వంక పెట్టను. ఆ ఆరు వారాల్లో మాకు చెప్పకుండా మా ఫ్లాటుని ఒక డిజైనరుకి అప్పజెప్పింది. "మీకు బహుమతి అమ్మా, సౌకర్యంగా ఉంటది" అంది. డిజైనరు కూడా ఆడపిల్లే, ముప్ఫై ఏళ్లుంటాయేమో. పెద్దవాళ్ల ఇళ్లు ప్రత్యేకంగా చేస్తుందట.

మేం తిరిగొచ్చిన రోజున ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంది. మా ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో వీడియో తీయాలని ఫోను పట్టుకుని నిలబడింది.

గుమ్మం లోపల నల్లటి చాప పరిచారు. మా ఆయన దాని అంచున ఆగిపోయారు. చెయ్యి అడ్డం పెట్టి నన్ను వెనక్కి తోశారు.

"ఇక్కడ గొయ్యి మూత ఎవుడు తీసీసాడు? బేగి ఎయ్యండి, ఎవులేనా పడిపోతారు!"

మిల్లులో నేల మీద గోతులుంటాయి, మూతలు తీసి ఉంటే కాళ్లు పోతాయి. ఆయన అరుపు ఆ అరుపు. నేను ఆ చాప మడిచి పక్కన పెట్టేదాకా లోపలికి రాలేదు. వచ్చాక నేల చూశారు. అద్దంలాంటి తెల్ల టైల్సు, పైన వరసగా దీపాలు, నేలంతా తళతళ. ఆయన వంగి ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకున్నారు.

"ఏటండీ, ఎందుకు మడుస్తున్నారు?"

"నీల్లు సూడ్నేదేటి? పైపేదో పగిలింది."

"అంకుల్ సో క్యూట్" అంది ఆ పిల్ల. ఫోను దించలేదు.

క్యూట్! పడిపోతానేమోనని గోడ పట్టుకుని అంగుళం అంగుళం జరుగుతున్న డెబ్బై నాలుగేళ్ల మనిషి క్యూట్.

తర్వాత నాకు ఇల్లు చూపించింది. గోడలన్నీ లేత గంధపు రంగు చెక్క పలకలు. అల్మరాలకి పిడుల్లేవు. సోఫా గోడ రంగులోనే. హాల్లో నిలువెత్తు అద్దం. నేను వెతికీ వెతికీ అడిగాను.

"బాత్రూమ్ ఏదమ్మా?"

ఆ పిల్ల నవ్వి ఒక పలక మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. టక్కుమని తెరుచుకుంది. "ఇక్కడ ప్రెస్ చేస్తే చాలు ఆంటీ. హ్యాండిల్ ఉండదు. గోడలో కలిసిపోతుంది."

"ఎందుకు కలిసిపోవాలి?"

"లుక్ కోసం ఆంటీ. హాల్లో కూర్చుంటే టాయిలెట్ డోర్ కనిపిస్తే బాగోదు కదా."

"ఎవరికి బాగోదు?"

"గెస్టులకి."

మా ఇంటికి గెస్టులు ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో, ఆయన బాత్రూమ్‌కి రోజుకి ఎన్నిసార్లు వెళ్తారో, పక్కపక్కన రాసి చూపిద్దామనిపించింది. నా వెనక మా అమ్మాయి కళ్లలో ఎంత సంతోషముందో చూసి నోరు మూసుకున్నాను.

లోపల తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడు, తెల్ల మూత. ఎక్కడ కూర్చోవాలో ఆయనకి ఎలా తెలుస్తుంది? మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టారు. కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది. కమోడు మీద కూర్చున్న మనిషి డాన్స్ చేస్తాడా? రెండోరోజు ఆయన లోపల ఉండగా లైటు పోయింది. "కరెంటు పోయింది, ఎవులూ కదలకండి!" అని కేక పెట్టారు. కదిలితే వెలిగే లైటు కింద కదలకుండా కూర్చున్నారు పాపం, నేను వెళ్లి తలుపు తీసేదాకా.

వారం తిరక్కుండానే ఆయన బాల్కనీలో ఖాళీ పూలకుండీలో ఉచ్చ పోసేయడం మొదలుపెట్టారు. తర్వాత సోఫా పక్కన. అద్దంలో మనిషిని చూసి, ఎవరో ముసలాయన వచ్చాడు, కాఫీ ఇమ్మనేవారు. కాఫీ తాగకుండా అలాగే చూస్తున్నాడని కోపగించేవారు. నేను ఆ అద్దం మీద దుప్పటి కప్పాను. మా అమ్మాయి వచ్చి దుప్పటి తీసి మడతపెట్టింది.

"జబ్బు ముదిరిపోయిందమ్మా" అంది. "మా ఇంట్లో ఉన్నప్పుడు ఇలగ లేరు."

"మీ ఇంట్లో బాత్రూమ్‌కి తలుపుంది."

"అమ్మా, ప్రతిదానికీ ఇల్లే కారణమంటే ఎలా? అంత మంచిగా చేయించాను."

అది బాధపడింది. నేనూ పడ్డాను. అసలు ప్రమాదం అది కాదు.

మధ్యాహ్నం రెండవుతుందనగా ఆయన లేచి చొక్కా తొడుక్కుని గుమ్మం దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఎక్కడికంటే టైమైపోయిందనేవారు. ఆయన డ్యూటీకి వెళ్తున్నారనే అందరం అనుకున్నాం. రెండింటికి బి షిఫ్టు కదా. "మీరు రిటైరయ్యారు, డ్యూటీ లేదు" అని నేను చెప్పేదాన్ని. అమ్మాయి ఫోన్లో చెప్పేది. వాచ్‌మన్ చెప్పేవాడు. చెప్పినకొద్దీ ఆయనకి కోపం. "మీకేటి తెల్సు? నన్నొదలండి!" ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి గ్రిల్లు తెరిచి ఉంది. ఆయన హైవే పక్కన బస్టాపులో లారీల దుమ్ములో నిలబడి ఉన్నారు, చెప్పుల్లేకుండా. కూరగాయల బండి ఆవిడ గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది.

సాయంత్రం అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చారు. బయటినుంచి తాళం వేసుకోమని సలహా. "మేడమ్, అందరి మంచి కోసం చెప్తన్నాను."

"మనిషిని లోపల పెట్టి బయట తాళం వేస్తే దాన్ని ఏమంటారో మీకు తెలుసు కదా" అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయారు.

మా అమ్మాయి నవ్వలేదు. భీమిలి వైపు మతిమరుపు వాళ్లని చూసే ఆశ్రమం ఒకటి ఉంది. అక్కడ ఒక గది మాట్లాడి వచ్చింది. ఆగస్టు ఒకటో తారీకు నుంచి. "నీకు మోకాలు ఇంకా కుదరలేదు. ఆయన లారీ కింద పడితే నువ్వు బతుకుతావా, నేను బతుకుతానా?" అని ఏడ్చింది. నలభై ఎనిమిదేళ్ల కాపురం, ఒక పలక వెనక దాచిన తలుపు వల్ల విడిపోవాలి. నాకు దేవుడి మీద రాని కోపం ఆ పలక మీద వచ్చింది.

మర్నాడు రెండింటికి ఆయన లేచారు. నేను ఆ రోజు రిటైరయ్యారని చెప్పలేదు. కుర్చీ తెచ్చి గ్రిల్లుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. బడిలో మొండి పిల్లల్ని అడిగినట్టు మెల్లగా అడిగాను.

"ఎక్కడికండీ?"

"ఇంటికి."

నేను తెల్లబోయాను. "డ్యూటీకి కాదా?"

"డ్యూటీ అయిపోయిందిగా. ఏ షిఫ్టు సేసీసాను. రెండైంది, బస్సెల్లిపోద్ది. మా ఆవిడ అన్నం పెట్టుకుని సూత్తాది."

రెండింటికి బి షిఫ్టు మొదలవుతుంది. రెండింటికే ఏ షిఫ్టు అయిపోతుంది. ముప్ఫై నాలుగేళ్లు ఆ షిఫ్టుల ప్రకారం అన్నం వండినదాన్ని, నాకు తట్టలేదు. ఆయన వెళ్లిపోవడం లేదు. నా దగ్గరికి వద్దామని వెళ్తున్నారు.

"ఇది ఇల్లు కాదేటండీ?"

ఆయన చుట్టూ చూశారు. మర్యాదగా, పరాయివాళ్ల ఆఫీసుని చూసినట్టు చూశారు. "ఇదా? ఇదేదో గెస్ట్‌హౌసు. బాగానే కట్టారు." తర్వాత గ్రిల్లుకి ఎదురు గోడ వైపు వేలు చూపించారు. గంధపు రంగు పలక, నున్నగా, ఖాళీగా. "టోపీ నేదు సూడు. టోపీ నేకపోతే నాను ఇంట్లో నేనట్టే గదా."

నేను వెంటనే ఆ డిజైనరు పిల్లకి ఫోను చేశాను. గుమ్మం ఎదురుగా పసుపు రంగు హెల్మెట్ ఉండేది, ఏం చేశారు?

"అదా ఆంటీ, చాలా డర్టీగా ఉంది. పాత సామాన్లతో పాటు స్క్రాప్‌కి ఇచ్చీసాం. ఎంట్రన్స్‌లో క్లటర్ ఉండకూడదు కదా."

"నా మొగుడు ఇంటికొచ్చాడని చెప్పే వస్తువమ్మా అది."

"మీరు చెప్పలేదు కదా ఆంటీ" అంది.

చెప్పలేదట! అడిగిందా? మా ఇంటికి కొలతలు తీసుకుంది. గోడలు కొలిచింది, కిటికీలు కొలిచింది. అందులో ఉండే మనిషిని ఒక్క పూట కూర్చుని చూడలేదు. ఏ చేత్తో తలుపు తీస్తాడు, లేవగానే ఎటు తిరుగుతాడు, దేన్ని తడుముకుంటాడు అని అడగలేదు. పద్నాలుగేళ్లు ఒకే గోడకి ఉన్న వస్తువు అక్కడ ఎందుకుందని అడగాలని తోచకపోతే, ఆ చదువు ఎవరి కోసం చదివినట్టు?

గోపాలపట్నం బజారులో హార్డ్‌వేర్ షాపుకి ఆటోలో వెళ్లి పసుపు హెల్మెట్ ఒకటి, ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు ఒక డబ్బా, మేకులు కొన్నాను. సుత్తి ఇంట్లో ఉంది. ఆ నున్నటి పలకకి మేకు కొడుతుంటే దెబ్బదెబ్బకీ ప్రాణం హాయిగా అనిపించింది. టోపీ తగిలించి ఆయన్ని పిలిచాను.

ఆయన చూశారు. మొహం మాడ్చుకున్నారు.

"ఎవుడొచ్చాడు?"

"ఎవరూ రాలేదండీ. మీదే."

"నాది కాదిది. కొత్తది. కాంట్రాక్టు కుర్రోడిది." బెడ్‌రూములోకి వెళ్లి మంచం కింద చూశారు. బాల్కనీలో చూశారు. తిరిగొచ్చి గొంతు తగ్గించి అడిగారు. "నిజం సెప్పీ. నాను డ్యూటీకెల్తే ఎవుడొత్తన్నాడింటికి?"

డెబ్బై ఒకటో ఏట, కట్టు విప్పిన మోకాలితో, నాకు ఈ నింద! ఎదురు ఫ్లాటావిడ గ్రిల్లులోంచి విని, "ఏటి టీచర్‌గారూ, ఆ కుర్రోడెవులో మాకూ సెప్పండి" అని పడీ పడీ నవ్వింది. నేనూ చాలా రోజుల తర్వాత నవ్వాను. కానీ నవ్వితే ఆగస్టు ఒకటి ఆగదు.

టోపీ దించాను. ఇసక, కొబ్బరి పీచు పెట్టి మెరుపు పోయేదాకా రుద్దాను. బాల్కనీ గచ్చు మీద నాలుగు దెబ్బలు కొట్టాను. రెండు రోజులు బాల్కనీ గోడ మీద వదిలేశాను, గాలివాటున వచ్చే నల్లదుమ్ము దాని పని అది చేసింది. ఈ ఊళ్లో తెల్లబట్ట ఆరేసినవాళ్లకి ఆ దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఎర్ర పెయింటు తెప్పించి ముందువైపు టోకెన్ నంబరు రాశాను. నా ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత ఉంటుంది, ఆ గీత కూడా పెట్టాను.

ఇక ఆకుపచ్చ పెయింటు. మా క్వార్టర్లో తలుపులన్నీ ఆకుపచ్చే. కుర్చీలో కూర్చుని ఆ దొంగ తలుపుకి, అందినంత మేర, రెండు పూతలు వేశాను. పైన జానెడు అందలేదు, గంధపు రంగు అలాగే ఉండిపోయింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ కదిలితే వెలిగే లైటు పీకించి, నొక్కితే వెలిగి మళ్లీ నొక్కేదాకా ఆరని లైటు వేయించాను. కమోడుకి ఎర్రరంగు మూత తెప్పించాను. అద్దం మీద దుప్పటి మళ్లీ కప్పి ఈసారి మేకులు కొట్టాను. నల్ల చాప వాచ్‌మన్‌కి ఇచ్చాను.

జులై ముప్ఫైన మా అమ్మాయి ఆయన బట్టలు సర్దడానికి వచ్చింది. ఆ డిజైనరు పిల్లని కూడా వెంట తెచ్చింది, నేను ఫోన్లో అన్న మాటలకి మా ఇద్దరికీ రాజీ చెయ్యాలని. ఇద్దరూ హాల్లో నిలబడి ఆకుపచ్చ తలుపు చూశారు. మా అమ్మాయే ముందు అంది.

"ఏటమ్మా ఇది? ఇల్లంతా పాడుచేసీసావు!"

"ఇంకా చెయ్యాల్సింది చాలా ఉంది. నిచ్చెన ఎక్కలేక ఆగాను."

"ఆంటీ, ఇది వినీర్, పల్చటి చెక్క పొర. దీని మీద ఎనామిల్ వేస్తే..."

"అమ్మా, టైమెంతైంది?" అన్నాను ఆ పిల్లతో.

రెండు కావస్తోంది. లోపల మంచం కిర్రుమంది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. మా అమ్మాయి గబుక్కున గ్రిల్లు దగ్గరికి వెళ్లి అడ్డం నిలబడింది. "నాన్నా, డ్యూటీ లేదు నాన్నా" అనబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను.

ఆయన గ్రిల్లు వైపు వచ్చారు. గోడ దగ్గర ఆగారు. టోపీ చూశారు. బొటనవేలితో నంబరు రాసినచోట తడిమారు, అంకె తర్వాత అంకె. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలుపెట్టారు.

"అలిసిపోనాను" అన్నారు. మా ముగ్గురినీ చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. "పడుకుంటాను. ఎవులూ బెల్లు కొట్టకండి."

పోతూ పోతూ ఆకుపచ్చ తలుపు దగ్గర ఆగి, నెట్టి లోపలికి వెళ్లారు. నీళ్ల చప్పుడు వినబడింది. వచ్చి పడుకున్నారు.

మా అమ్మాయి బట్టలకని తెచ్చిన సంచీ ఖాళీగానే తీసుకుని మెట్లు దిగిపోయింది. డిజైనరు పిల్ల వెనకాలే వెళ్తూ, "ఆంటీ, ఈ ఐడియా నేను వాడుకోవచ్చా?" అని అడిగింది. ఐడియా! టోపీలు కొని ప్రతి ఇంట్లోనూ వేలాడదీస్తుంది కాబోలు. "టోపీ వద్దు, అడగడం నేర్చుకో" అన్నాను. అర్థమైందో లేదో నాకు తెలియదు.

ఇది రాస్తే జబ్బు నయమైపోయిందనుకునేవాళ్లుంటారు. నయం కాలేదు. నన్ను రోజులో సగంసేపు హెడ్‌మిస్ట్రెస్ అనుకుంటారు. కొన్ని రోజులు కుండీలోనే పోస్తారు. ఒకరోజు టోపీ ఉన్నా ఇంటికి వెళ్తానని మొండికేశారు. కానీ బస్టాపుదాకా మళ్లీ వెళ్లలేదు.

తర్వాతి ఆదివారం చర్చికి వెళ్లలేకపోయాను, మోకాలు నొప్పి. మధ్యాహ్నం వంటింట్లో పప్పు తాలింపు పెట్టి హాల్లోకి వచ్చేసరికి గ్రిల్లు అవతల మా అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో క్యారేజీ, మొహమంతా చెమట.

"ఎంతసేపైందే వచ్చి? బెల్లు కొట్టొచ్చు కదా!"

అది గోడ వైపు గడ్డం ఊపింది. "టోపీ ఉందిగా" అని గుసగుసగా అంది. "నాన్న పడుకున్నారనుకున్నాను." తర్వాత ఇంకా మెల్లగా, "అక్కడ గది వద్దని చెప్పీసానమ్మా" అంది.

చెప్పులు బయటే విడిచింది. గ్రిల్లులోంచి చెయ్యి దూర్చి, గొళ్లేన్ని రెండు వేళ్లతో చప్పుడు కాకుండా ఎత్తింది.